కుండ కింద పలక

షాంటిలీ: బయల్దేరే ముందు

వేసవి సెలవులకి ఎక్కడికెళ్ళారని అడిగితే మా తెలుగు చర్చిలో ఒకరు అలాస్కా అంటారు, ఒకరు హవాయి అంటారు. నేను లూసియానా వెళ్ళి ఫ్రెంచి మాట్లాడొచ్చానంటే పాస్టరమ్మ గారు కాసేపు నా మొహంలోకి చూసి, "అక్కడ వరదలేమైనా వచ్చాయా అమ్మా? సేవకెళ్ళారా?" అని అడిగారు. ఆవిడ తప్పేం లేదు. తిరిగొచ్చాక నా వాలకం అలాగే ఉంది.

నేను వర్జీనియాలోని షాంటిలీలో ఒక హైస్కూల్లో ఫ్రెంచి చెప్తాను. తెలుగావిడ అమెరికా పిల్లలకి ఫ్రెంచి చెప్పడమేమిటని అడిగేవాళ్ళకి మాది యానాం అని చెప్పి ఊరుకుంటాను. అక్కడితో అందరికీ సమాధానం దొరికినట్టే ఉంటుంది. యానాంలో అందరికీ ఫ్రెంచి వచ్చనుకునేది యానాం చూడనివాళ్ళే. మా వీధి మొత్తానికి ఫ్రెంచి వచ్చింది ఒక్క, ఫ్రెంచి ప్రభుత్వం పెన్షనిచ్చే తాతగారికి. ఆయనకి మాట్లాడే తోడు లేక, సాయంత్రాలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని నేర్పారు. అలా అంటుకుంది నాకు.

ఈ ఏడాది మా ప్రిన్సిపల్ పిలిచి, పైతరగతి ఫ్రెంచిలో పట్టుమని పదిమంది పిల్లలు లేరన్నాడు. ఫ్రెంచి టీచర్ల కోసం వేసవిలో పెట్టే, పొద్దస్తమానం ఫ్రెంచిలోనే మాట్లాడే ఇమ్మర్షన్ యాత్ర ఏదైనా చేసి సర్టిఫికెట్ తెస్తే ఆ క్లాసు నిలబెడతానని, తేకపోతే కంప్యూటర్ పాఠాలకి మార్చేస్తానని తేల్చేశాడు. ఆ క్లాసంటే నాకు ప్రాణం. మొదటి ఏడాది నుంచి నేనే చెప్పిన పిల్లలు వాళ్ళు. ఇప్పుడిప్పుడే ఫ్రెంచిలో జోకులేసుకోవడం మొదలెట్టారు.

పారిస్ వెళ్దామా అన్నాను మా ఆయన సుధాకర్‌తో. సాఫ్ట్‌వేర్ మనిషి, ఏ మాటైనా వీసా దగ్గరికి తెచ్చి ఆపుతాడు.

"దేశం దాటితే తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కి వెళ్ళాలి. డేట్స్ లేవు. అందుకే కదా ఇండియాకే వెళ్ళట్లేదు మనం. అమెరికా లోపలే ఎక్కడైనా ఫ్రెంచి దొరుకుతుందేమో చూడు, బుక్ చేద్దాం."

న్యూజెర్సీ ఎడిసన్‌లో ఆవకాయ దొరికినంత తేలిగ్గా దొరుకుతుందనుకున్నాడు. విచిత్రమేమిటంటే, దొరికింది.

న్యూ ఆర్లీన్స్: టోపీల పండగ

అమెరికా నలుమూలల నుంచి వచ్చిన ఫ్రెంచి టీచర్లం ఒక హోటల్ గుమ్మంలో కలిశాం. పైన వంద డిగ్రీల ఎండ. చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చే ఉక్క. అంత ఉక్కలోనూ సగం మంది తలల మీద బొమ్మల్లో ఫ్రెంచివాళ్ళకి వేసే ఉన్ని టోపీలు, ఒంటి మీద అడ్డచారల చొక్కాలు. ఫ్రాన్సులో మనిషన్నవాడు అలా తిరగడని వీళ్ళకి తెలుసు. ఏటా పిల్లలకి చెప్పేది కూడా వీళ్ళే.

మా నాయకుడి పేరు ప్రెస్టన్. పుట్టింది కనెక్టికట్‌లో. ఆత్మ మాత్రం పారిస్‌లో, అదీ ఖరీదైన పేటలో నివాసముంటుంది. మెడకి నల్ల పట్టు మఫ్లర్. ఆయన ఫ్రెంచి ఎలా ఉంటుందో తెలుగు చదువరులకి చెప్పాలంటే ఒకటే దారి, గ్రాంథికంలో రాయడం. అందుకని ఇకమీద అలాగే రాస్తాను.

"మిత్రులారా, సుస్వాగతము. మార్గాయాసము మిమ్ము బాధింపలేదు కదా," అన్నాడు.

నా గదిలో నాతో పాటు పడిన టీచరు మార్సీ. ఒహాయో మనిషి, మంచిదే, కళ్ళలో నీళ్ళు అంచు మీదే ఉంటాయి. ఆవిడది మొదటి వాచకం ఫ్రెంచి. "ఇది నా పెట్టె. నా పెట్టె బరువుగా ఉన్నది," అంది నాతో. బరువుగానే ఉంది. లోపల ఇంట్లో ఉన్న ఆరేళ్ళ కూతురి ఫోటోలు ఫ్రేములతో సహా తెచ్చుకుంది.

మర్నాడు పొద్దున్న పేరు మోసిన ఫలహారం తినిపించారు. మన మైసూర్ బోండాని చదరంగా చేసి పంచదార పిండిలో పూడ్చిపెడితే ఎలా ఉంటుందో అదీ. మూడు బోండాలు, ఒక కాఫీ, పదకొండు డాలర్లు. మార్సీకి తుమ్మొచ్చింది. ఆవిడ పళ్ళెంలో పంచదారంతా లేచి ప్రెస్టన్ గారి మఫ్లర్ మీద వాలింది. ఆ యాత్ర మొత్తం మీద ఆ మఫ్లర్ ఉపయోగపడింది ఆ ఒక్కసారే. బయట దుకాణంలో ప్లాస్టిక్ ఈఫిల్ టవర్లు అమ్ముతున్నారు. లూసియానాలో, చైనాలో చేసిన పారిస్ గోపురం. మా వాళ్ళు ఎగబడి కొన్నారు.

బస్సులో: నియమావళి

పడమర దిక్కుగా బస్సు కదిలాక ప్రెస్టన్ లేచి నిలబడి ఒక చెక్క పలక బయటికి తీశాడు. అరచేయి కన్నా కాస్త పెద్దది, మందంగా ఉంది, తాడు కట్టి ఉంది. దాని మీద ఫ్రెంచిలో 'నేను మాట్లాడాను' అని పై వరసలో, 'ఇంగ్లీషు' అని కింది వరసలో పెద్దక్షరాలతో కాల్చి రాయించాడు.

"నేటినుండి మన మధ్య ఆంగ్లము వినబడరాదు. ఎవరు ఆంగ్లము పలికెదరో వారి కంఠమున ఈ ఫలకము వ్రేలాడును. ఆంగ్లము పలికిన మరొకరిని పట్టియిచ్చువరకు వారు దీనిని తీయరాదు. తుదిదినమున ఇది ఎవరి కంఠమున నుండునో వారికి యోగ్యతాపత్రము లేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. భలే సరదా ఆట అన్నారు. నా చేతులు లేవలేదు.

కాకినాడలో నేను చదివిన ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఇలాంటిదే ఒకటుండేది. రాతి పలక, చిల్లులో నుంచి గోనెతాడు. ఇకమీద తెలుగు మాట్లాడనని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. ఆయాని 'అక్కా, మంచినీళ్ళు' అని అడిగినందుకు ఒక మధ్యాహ్నమంతా అది నా మెడలో ఉంది. నీళ్ళు మాత్రం ఇవ్వలేదు. డాలర్లు పోసి, సెలవులు ధారపోసి, ఇన్నేళ్ళ తరవాత దాన్నే వెతుక్కుంటూ వచ్చానన్నమాట. రోగి కోరిందీ అదే, వైద్యుడు ఇచ్చిందీ అదే అంటారే, ఇక్కడ రోగం కూడా వైద్యుడే ఇచ్చాడు.

పెట్రోలు బంకు: అన్నం, పంది మాంసం, మర్యాద

లఫయెట్ దాటాక కిటికీలో నుంచి చూసి లేచి కూర్చున్నాను. వరిచేలు. మధ్యలో గట్లు కట్టిన చెరువులు, గట్ల మీద కొంగలు. ఒక కారు వరి, ఆ పైన అదే మడిలో నీళ్ళు నింపి రొయ్యకి పిన్నత్త కూతురు లాంటి జంతువుని పెంచుతారట. యానాం నుంచి కాకినాడ వెళ్ళే బస్సు కిటికీ కూడా ఇలాగే ఉంటుంది. పక్కన మార్సీ, "అది పక్షి. పక్షి తెల్లగా ఉన్నది," అంది.

ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. అక్కడ అన్నంలో పంది మాంసం, మిరియాలు కలిపి పేగులో కూరి ఆవిరి మీద ఉడికించి అమ్ముతారు. కాగితం పరిచి ఇస్తారు, నిలబడి తినాలి. నాలుగు డాలర్లకి కడుపు నిండిపోయింది. న్యూ ఆర్లీన్స్ బోండాల మీద పంచదార ఖరీదు కూడా కాదది.

కౌంటర్లో ఉన్న పెద్దాయన మా గుంపుని చూసి ఫ్రెంచిలో పలకరించాడు. ఎక్కడి నుంచొచ్చారు, ఎండగా ఉంది, ఇంకోటి తినండి అని. రెండు మాటలకే నా ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద తాతగారి తరవాత, పాఠం కానట్టు ఫ్రెంచి మాట్లాడిన మనిషి ఈయనే.

ప్రెస్టన్ చిరునవ్వు నవ్వాడు. "ఆర్యా, తాము పలికిన తీరు వినసొంపుగానే యున్నది. కాని పారిస్ నగరమున ఇట్లు పలుకరు," అని, ఎలా పలుకుతారో పలికి వినిపించాడు.

పెద్దాయన వినయంగా తలూపాడు. ఆ తరవాత మా అందరితోనూ ఇంగ్లీషులోనే, చాలా మర్యాదగా మాట్లాడాడు. డబ్బులు పుచ్చుకునేటప్పుడు ప్రెస్టన్ని సర్ అన్నాడు. ఫ్రెంచి కోసం ఇంత దూరం వచ్చి, దొరికిన మొదటి మనిషిని ఇంగ్లీషులోకి తోసేశాం. కబురు మాకన్నా ముందు ఊరు చేరింది. అక్కడున్నన్ని రోజులూ కొట్లలోనూ, చర్చి మెట్ల మీదా మమ్మల్ని చూడగానే ఇంగ్లీషు మొదలయ్యేది.

ఓడీల్ గారి ఇల్లు

ఊరి పేరు రాయను. వాళ్ళు నాకు అన్నం పెట్టారు.

మార్సీనీ నన్నూ ఓడీల్ అనే పెద్దావిడ ఇంట్లో దించారు. ఎనభై దాటిన మనిషి, నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. స్తంభాల మీద లేపిన చెక్క ఇల్లు, వెనక కోళ్ళ దొడ్డి, వంటింట్లో నల్లటి ఇనప కుండ. ఆవిడ మమ్మల్ని చూసి అరక్షణం ఆగింది. బంకు కబురు అందే ఉంటుంది. నేను గుమ్మంలో చెప్పులిప్పి, పొయ్యి మీద ఏమిటంత బాగా వాసనొస్తోందని అడిగాను. ఆవిడ ఫ్రెంచిలోకి దిగింది. మా గోదావరి మాటలా సాగతీసి పలికే ఆ ఫ్రెంచిని వేరేగా రాయడం నా వల్ల కాదు.

"బెండకాయలమ్మా. రొయ్యలేసి వండేను. చేతులు కడుక్కుని వచ్చెయ్యండి మరి, చల్లారిపోద్ది."

పిండిని నూనెలో ముదురు గోధుమరంగు వచ్చేదాకా, చెయ్యి ఆపకుండా వేయిస్తారు. అందులో ఉల్లిపాయలు, బెండకాయలు, రొయ్యలు, నీళ్ళు. అన్నం మీద పోసుకుంటారు. చింతపండు ఒక్కటే తక్కువ. ఆ మాటంటే ఓడీల్ గారు చింతపండంటే ఏంటని అడిగి, పులుపని చెబితే, "పాడైపోయిందనుకుంటారమ్మా ఇక్కడ," అన్నారు.

పగలంతా మాకు క్లాసులు. దేని మీదో చెప్పనా? ఫ్రెంచి చీజుల మీద, పారిస్ మెట్రో రైళ్ళ మీద. ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళో కూర్చుని, కిటికీలేసి, ఏసీ పెట్టుకుని, తెర మీద పారిస్ బొమ్మలు చూశాం. సాయంత్రం ఓడీల్ గారి వంటింటికొచ్చి నిజం ఫ్రెంచి వినేదాన్ని. మార్సీ అలిసిపోయి పడుకునేది.

పలక వేట

రెండ్రోజులు గడిచేసరికి పాఠాలు చెప్పుకునే పెద్దమనుషులు కాస్తా వేగులవాళ్ళయ్యారు. పక్కవాడు తుమ్మితే ఏ భాషలో తుమ్మాడని చూడటం, కాఫీ దగ్గర చెవులు రిక్కించడం. టెక్సాస్ టీచరు ఫోన్లో బ్యాంకు వాళ్ళతో మాట్లాడి దొరికాడు. ఆయన నడవలో కాపు కాసి ఇంకొకావిణ్ణి పట్టిచ్చాడు. మార్సీకి కుర్చీ కోడు తగిలి ఇంగ్లీషులో అబ్బా అంది. ఆ అబ్బాకి పలక పడింది.

ఒక మధ్యాహ్నం చిత్తడి నేల చూపిస్తానని ప్రెస్టన్ మమ్మల్ని వ్యానులో తీసుకెళ్ళి, ఊరివాళ్ళు వద్దన్న దారిలోనే పోనిచ్చి గుంటలో దింపాడు. చక్రాలు మునిగిపోయాయి. ఆయన కిందికి దిగి, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, మఫ్లర్ మడ్‌గార్డుకి చిక్కుకుని, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. శుద్ధమైన కనెక్టికట్ ఇంగ్లీషులో. మేమందరం కొంగల్ని చూస్తూ నిలబడ్డాం. ఒక్క వేగు కూడా నోరు మెదపలేదు. పక్కనే మార్సీ మెడలో పలకతో నిలబడే ఉంది, పాపం, ఆవిడక్కూడా ధైర్యం చాలలేదు.

ఆదివారం భోజనం

ఆదివారం అందర్నీ ఒక హోటల్‌కి తీసుకెళ్ళారు. ఉడకబెట్టిన పీతలు బల్ల మీద కాగితం పరిచి కుమ్మరించారు. పెద్ద పెద్ద పీతలు, ఎర్రగా, కారం పట్టి. వాటిని చూడగానే నాకు ఇల్లు గుర్తొచ్చింది. చిన్నప్పటి నుంచి అలవాటు, తల వంచి కళ్ళు మూసుకున్నాను.

"ప్రభువా, ఈ పూట మా ముందుంచిన ఆహారాన్ని బట్టి నీకు స్తోత్రం. వండిన చేతుల్ని దీవించు," అన్నాను. పెదాలు కదిలేంత, అంతే.

కళ్ళు తెరిచేసరికి మార్సీ చెయ్యెత్తి ఉంది.

"అయ్యా. ఈమె ఫ్రెంచి మాట్లాడుట లేదు. ఈమె వేరొక భాష మాట్లాడినది."

"ఏ భాష?" అన్నాడు ప్రెస్టన్.

"తెలుగండీ. ఇంగ్లీషు కాదు," అన్నాను.

"ఫ్రెంచి కానిదెల్ల ఆంగ్లముతో సమానము."

ఆ మాట విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా యానాం, మా గోదావరి, మా అమ్మమ్మ, నా పుట్టుక, అంతా కలిపి ఆంగ్లముతో సమానమైపోయింది ఒక్క మాటతో.

"ప్రార్థనండీ అది," అన్నాను.

"ప్రార్థనకు నియమములలో మినహాయింపు లేదు. దేవునికి ఫ్రెంచి తెలియదా?"

"ఆయనకి అన్నీ తెలుసు. నాకే, ఆకలేస్తే ఇంకో భాష రాదు."

ఎవరో నవ్వారు. ప్రెస్టన్ నవ్వలేదు. మార్సీ తన మెడలోంచి తీసిన పలకని నా మెడలో వేస్తూ, మొదటి వాచకంలో క్షమించమంది. ఆవిడ కళ్ళు అంచులు దాటాయి. పీతలు చల్లారిపోయాయి. నేను ముట్టలేదు. యానాం దాన్ని పీతలు వదిలి లేచానంటే నాకెంత మండిందో తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. ఆఖరి రోజుకి రెండు రోజులే ఉన్నాయి.

వెనక వసారా

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి, ముందు సుధాకర్‌కి ఫోన్ చేశాను. తెలుగులోనే. పలక ఎలాగూ మెడలోనే ఉంది కదా.

"ఎవర్నో ఒకర్ని పట్టించెయ్, ఏముంది? సిల్లీ గేమ్ కోసం క్లాస్ పోగొట్టుకుంటావా? నా గ్రీన్ కార్డ్ ఎప్పుడొస్తుందో గాడ్ నోస్. నీ జాబ్ నువ్వు చూసుకో."

ఆ సలహా అవసరం కూడా లేకపోయింది. ఫోన్ పెట్టేసరికి స్నానాల గదిలో నుంచి మార్సీ గొంతు వినిపించింది. కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున కూతురితో మాట్లాడుతోంది. జ్వరం తగ్గిందా, మందు వేసుకున్నావా బంగారం, అమ్మ వచ్చేస్తుంది అని. చక్కటి ఇంగ్లీషులో. తలుపు ఇవతల నేను, నా మెడలో పలక. నేనేం పరిశుద్ధురాలిని కాను. పొద్దున్నే ప్రెస్టన్‌కి చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాను. నా ప్రార్థన తప్పయినప్పుడు ఆవిడ బంగారం ఎందుకు తప్పు కాదు?

వెనక వసారాలో ఓడీల్ గారు బెండకాయలు తరుగుతున్నారు. నన్ను చూసి కత్తి ఆపారు.

"ఏంటమ్మా అది మెడలో, ఆవుకి గంట కట్టినట్టు?"

చెప్పాను. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో, ఎలా వదులుతుందో, కాకినాడలో రాతిపలకతో సహా చెప్పాను. ఆవిడ కోళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు.

"నాకు అట్టముక్క కట్టేరు," అన్నారు చివరికి. "ఇదే ఊళ్ళో. ఇస్కూల్లో పక్కపిల్లతో అన్నాను, మాయమ్మకి మళ్ళీ పాపాయి పుట్టిందే అని. ఫ్రెంచిలో అన్నాను. నాకు వచ్చింది అదే కదమ్మా. అట్టముక్క మీద ఫ్రెంచి మాట్లాడేనని ఇంగ్లీషులో రాసి, మెడలో కట్టి, అందరూ నడిచే గుమ్మంలో నిలబెట్టేరు. సాయంత్రం మా నాన్నొచ్చేడు నన్ను తీసుకెళ్ళడానికి. ఆయనకి చదవడం రాదు. ఏదో బహుమతిచ్చేరనుకున్నాడు నాకు. నవ్వుకుంటూ టోపీ తీసి పంతులమ్మకి థాంక్యూ చెప్పేడు. ఆయనకొచ్చిన ఇంగ్లీషు ఆ ఒక్క మాటే."

నేను ఆవిడ పక్కనే కింద కూర్చున్నాను.

"ఇంటికెళ్ళేక కూడా నేను చెప్పలేదు అది ఏంటో. గోడకి తగిలించేడు. చాన్నాళ్ళుంది గోడకి. అప్పుడే అనుకున్నాను, నా పిల్లలకి ఈ భాష అంటనివ్వనని. అంటలేదు. నా కూతురు రెండు వీధుల అవతలే ఉంటాది, రోజూ వస్తాది. ఇంగ్లీషులోనే చెప్పుకుంటాం అన్నీ. ఫ్రెంచి కోళ్ళకీ దేవుడికీనూ."

లోపల కుళాయి ఆగింది. మార్సీ ముక్కు చీదుకోవడం వినిపించింది. ఓడీల్ గారికీ అంతా వినిపించే ఉంటుంది.

"ఆ పిల్లని పట్టిస్తావా?" అన్నారు.

జవాబు చెప్పేలోపు ఆవిడే లేచి, చేతులు తుడుచుకుని, నా తల మీదుగా పలక తీశారు. తాడు కత్తితో కోసేశారు. వంటింట్లోకెళ్ళి బల్ల మీద పలక పెట్టి, పొయ్యి మీద నూనె కాగుతున్న ఇనప కుండని దింపి దాని మీద పెట్టారు. చెక్క చుయ్‌మంది. వార్నీషు కాలిన కంపు ఇల్లంతా కొట్టింది.

"ఎన్నాళ్ళ నుంచో అనుకుంటన్నాను, కుండ కిందకి ఓ చెక్క కావాలని," అన్నారు.

మర్నాడు పలక ఏదని ప్రెస్టన్ అడిగితే, ఓడీల్ గారింట్లో పనిలో ఉందని చెప్పాను. రేపటి వీడ్కోలు విందుకు దానితో రావలెనని ఆజ్ఞాపించాడు. మార్సీ పేరు నా నోట్లోంచి రాలేదు. రాకపోవడం గొప్పతనం కాదు. ఆ వసారాలో కూర్చున్నాక ఇక రాదు, అంతే.

వీడ్కోలు విందు

ఊరి చర్చి హాల్లో విందు. మాకు ఆశ్రయమిచ్చిన వాళ్ళందరూ తలా ఒక వంట తెచ్చారు. ప్రెస్టన్ లేచి, ఈ నేలపై ఫ్రెంచి భాష అంతరించుచున్నదని, దానిని కాపాడువారము మనమేనని ఉపన్యసించాడు. ఎదురుగా కూర్చున్న ముసలివాళ్ళు మర్యాదగా విన్నారు. ఇంగ్లీషులో చప్పట్లు కొట్టారని రాద్దామనిపిస్తోంది.

ఓడీల్ గారు అడుగున పలకని అదిమి పట్టుకుని, రెండు చేతులతో కుండని మోసుకొచ్చి సరిగ్గా ప్రెస్టన్ ముందు దించారు.

"ఫలకమెక్కడ?" అన్నాడాయన నాతో.

"ఇక్కడే ఉంది, ముందు తినండి," అన్నారు ఆవిడ.

తిన్నాడు. రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. మిగతావాళ్ళం ఊడ్చేశాం. కుండ ఖాళీ అయ్యాక ఓడీల్ గారు దాన్ని ఎత్తి పక్కన పెట్టారు. మొన్న ఓరగా ఆనిన కుండ అడుగు పలక కింది సగమంతా మాడ్చేసింది. 'ఇంగ్లీషు' అన్న మాట బొగ్గయిపోయింది. పైన 'నేను మాట్లాడాను' అన్నది మాత్రం మిగిలింది.

ప్రెస్టన్ మొహం ఎర్రబడింది. అప్పుడు ఓడీల్ గారు, నేను వినగా మొదటిసారి, ఇంగ్లీషులో మాట్లాడారు. నిదానంగా, ఒక్కొక్క మాటే.

"మా ఫ్రెంచి మీకు సరిగా అర్థం కాదేమోనని ఇంగ్లీషులో చెబుతున్నాను. ఇలాంటివి ఈ ఊరికి మళ్ళీ తేవద్దు. మేం చూసేశాం. ఇప్పుడు నేను ఇంగ్లీషు మాట్లాడాను. ఈ అమ్మాయి నన్ను పట్టిచ్చినట్టే. మీ నియమం ప్రకారం ఇది నాది."

పలక తీసి చంకలో పెట్టుకుని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. పెట్రోలు బంకు పెద్దాయన కూడా ఉన్నాడక్కడ. ఆయన తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

సర్టిఫికెట్లు పంచేముందు ప్రెస్టన్ నన్ను పక్కకి పిలిచాడు. ఈ నియమములు యాత్రికులకే గాని గ్రామస్థులకు వర్తింపవు, కాన ఫలకము నీదే, అయినను నీకొక తుది అవకాశము, ఎవరైనను ఆంగ్లము పలుకగా విన్నచో పేరు చెప్పుము, సంతకము చేసెదను అన్నాడు. వెనక మార్సీ నేల చూపులు చూస్తోంది. నా క్లాసు పిల్లలు ఒక్కొక్కరే కళ్ళ ముందుకొచ్చారు.

"ఎవరూ మాట్లాడలేదండీ," అన్నాను. "అందరూ గొప్పగా ఫ్రెంచే మాట్లాడారు. మీరు బురదలో మాట్లాడింది కూడా ఫ్రెంచే."

నా పేరు పిలవలేదు. మార్సీని పిలిచారు. ఆవిడ అది పుచ్చుకుని, నా పక్కనొచ్చి కూర్చుని, నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా ఏడ్చింది. ఎవరూ పట్టించలేదు.

మళ్ళీ షాంటిలీ

పైతరగతి ఫ్రెంచి పోయింది. ఇప్పుడా పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో తెర ముందు కూర్చుంటారు, కంప్యూటరు చెబుతుంది. వాళ్ళు అల్లరి చెయ్యకుండా అదే గదిలో కాపలా కూర్చోమని ప్రిన్సిపల్ నాకే చెప్పాడు. వాళ్ళు ఇప్పుడు జోకులేసుకోవడం లేదు. చూస్తూ కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంది, ఇందులో దాచేదేం లేదు. మొదటి ఏడాది ఫ్రెంచి క్లాసు మాత్రం నాకే మిగిల్చారు. వాళ్ళతో మళ్ళీ మొదలెట్టాను.

లూసియానా వెళ్ళాలనుకునేవాళ్ళకి నా సలహా అడుగుతారేమో. వెళ్ళండి, టోపీలు లేకుండా వెళ్ళండి. బంకులో తినండి. పలకరిస్తే జవాబివ్వండి.

ఓడీల్ గారు ఆదివారాలు ఫోన్ చేస్తారు. కోళ్ళ సంగతులు, ఎండ సంగతులు. పోయిన వారం నేను చర్చి నుంచొచ్చి చేపల పులుసు కాస్తుంటే చేశారు. చింతపండు ఎంత వెయ్యాలో అడిగారు. దొరికిందట, లఫయెట్‌లో. కూతురికి వండి పెట్టి, ఇదేంటమ్మా అంటే ఫ్రెంచిలో చెప్పారట. ఆ పిల్ల తిరిగి ఆ మాట పలకడానికి రెండు మూడుసార్లు తంటాలు పడిందని చెబుతూ నవ్వారు.

ఫోన్ పెట్టేసి పులుసు దాక తెచ్చి బల్ల మీద పెట్టాను. సుధాకర్ వడ్డించుకుంటూ దాకని జరిపి, కింద సగం కాలిన చెక్కని చూశాడు. బయల్దేరే రోజు పొద్దున్న ఓడీల్ గారు దాన్ని కొత్త బట్టలో చుట్టి, నా పెట్టెలో పెట్టి, నవ్వుతూ నాకు థాంక్యూ చెప్పారని అతనికి తెలియదు.

"ఏంటే ఇది?" అన్నాడు.

"సర్టిఫికెట్," అన్నాను.